ట్యూబ్ ప్రీయాంప్‌లో వాల్యూమ్ ఉన్నట్టుండి పడిపోతే లోపాన్ని ఎలా పట్టుకోవాలి

గిటారు సన్నని సిగ్నల్‌ను పవర్ యాంప్‌కు ముందు గాజు ట్యూబులతో పెంచే ట్యూబ్ ప్రీయాంప్ వాడేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది: నిన్నటిదాకా బాగానే మోగిన ప్రీయాంప్ ఇవాళ నాబ్ చివరిదాకా తిప్పినా నీరసంగా పలుకుతోంది, ఏ ట్యూబ్ మార్చాలి? ఈ ప్రశ్నలోనే కొంత తొందరపాటు ఉంది. ట్యూబ్ పైకి కనిపిస్తుంది, చేత్తో లాగితే ఊడివస్తుంది, కాలం గడిచేకొద్దీ అరిగిపోతుందని అందరికీ తెలుసు. అందుకే నేరం ముందుగా దాని మీదికే పోతుంది. నిజానికి వాల్యూమ్ హఠాత్తుగా పడిపోయిన సందర్భాల్లో నాకు ఎక్కువగా ఎదురైనవి జాక్‌లో మకిలి పట్టిన స్ప్రింగ్ రేకు, సాకెట్‌లో వదులైన పిన్, పగులిచ్చిన సోల్డర్ వంటి కాంటాక్ట్ లోపాలే.

ఈ పాఠం నేను సులువుగా నేర్చుకోలేదు. మొదటిసారి ఇలాంటి రిపేరుకు కూర్చున్నప్పుడు రెండు ట్యూబులు, వాటి తరువాత నాలుగు కెపాసిటర్లు మార్చి, రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. చివరికి ఎఫెక్ట్స్ లూప్ (సిగ్నల్‌ను సెండ్ జాక్ నుంచి బయటి పెడళ్లకు పంపి, రిటర్న్ జాక్‌లోకి తిరిగి తెచ్చుకునే దారి) రిటర్న్ జాక్‌లోకి అనుకోకుండా ఒక ప్లగ్ దూర్చి తీయగానే శబ్దం నిండుగా తిరిగివచ్చింది. మార్చిన ఆరు భాగాల్లో పాడైనది ఒక్కటీ లేదు. కింద ఇచ్చిన వరుస ఆ అనుభవం తరువాత కుదుర్చుకున్నది. పెట్టె తెరవకుండా చేయగలిగినవన్నీ ముందు పూర్తి చేసి, ప్రతి మెట్టులోనూ లోపం ఉండగల చోటును సగానికి తగ్గించుకుంటూ పోవడమే ఇందులోని పద్ధతి.

ముందుగా ఒక హెచ్చరిక

ట్యూబ్ ప్రీయాంప్ లోపల సాధారణంగా 250 నుంచి 400 వోల్టుల డీసీ ఉంటుంది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకేసిన తరువాత కూడా సప్లై డీసీని నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లలో ఆ విద్యుత్తు నిలిచి ఉండవచ్చు, అది ప్రాణం తీయగలదు. 12 వోల్టుల అడాప్టరుతో నడిచే చిన్న ప్రీయాంప్ పెడల్ కదా అని ధీమాగా ఉండకండి. అలాంటి వాటిలో కొన్నింటి లోపల వోల్టేజిని 200కు పైగా పెంచే సర్క్యూట్ ఉంటుంది. విద్యుత్ పరికరాల లోపల మీటరు పెట్టి కొలిచిన అలవాటు లేకపోతే 4వ మెట్టు వరకు మాత్రమే చేసి, అక్కడ తేలిన విషయాన్ని ఒక కాగితం మీద రాసి మెకానిక్‌కు ఇవ్వండి. ఆ కాగితమే అతనికి సగం పని తగ్గిస్తుంది.

కావలసినవి

పెట్టె తెరవకుండా చేసే పరీక్షలకు, బాగుందని రూఢిగా తెలిసిన ఒక గిటారు కేబుల్, ఒక పొట్టి ప్యాచ్ కేబుల్, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, బాగా పనిచేసే ఒక ట్యూబ్ చాలు. ఎక్కువ ప్రీయాంప్‌లలో ఉండేది 12ఏఎక్స్7. దీనికే ఈసీసీ83 అని మరో పేరు.

లోపలి పరీక్షలకు కనీసం 600 వోల్టుల డీసీ కొలవగల మల్టీమీటర్, దాని నల్ల తీగకు తగిలించే క్రొకడైల్ క్లిప్, 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్, ఎండిన సన్నని చెక్క పుల్ల, సోల్డరింగ్ ఐరన్ కావాలి. సిగ్నల్ వెంట నడవడానికి 0.1 మైక్రోఫారడ్ 630 వోల్టుల కెపాసిటర్ ఒకటి, 1 మెగ్ ఓమ్, 10 కిలో ఓమ్ రెసిస్టర్లు ఒక్కొక్కటి, టోన్ జనరేటర్ యాప్ ఉన్న ఫోను దగ్గర పెట్టుకోండి. మీ ప్రీయాంప్ సర్క్యూట్ బొమ్మ దొరికితే తప్పకుండా పక్కన ఉంచుకోండి. అది లేకపోయినా పని జరుగుతుంది గానీ రెట్టింపు సమయం పడుతుంది.

1. శబ్దం ఎలా తగ్గిందో ముందు వినండి

ఏదీ ముట్టుకోకముందే ఐదు నిమిషాలు వాయించి, విన్నది రాసుకోండి. శబ్దం మొత్తంగా తగ్గి స్వరం మాత్రం మారకుండా ఉందా, లేక తగ్గడంతోపాటు బాస్ పోయి పలచబడిందా? పలచబడి ఉంటే ఒక దశ నుంచి తరువాతి దశకు సిగ్నల్‌ను మాత్రమే దాటించి డీసీని ఆపే కప్లింగ్ కెపాసిటర్ తెగిపోవడం, టోన్ కంట్రోళ్ల దగ్గర ఏదో ఊడిపోవడం వంటివి అనుమానించాలి. గట్టిగా ఒక కార్డ్ కొట్టగానే శబ్దం ఒక్కసారి విచ్చుకుని, మళ్లీ ముడుచుకుపోతుంటే అది దాదాపు ఎప్పుడూ మకిలి పట్టిన కాంటాక్టే. ఆన్ చేసిన పది పదిహేను నిమిషాలకు తగ్గుతుంటే వేడికి విచ్చుకునే సోల్డర్ పగులును గాని ట్యూబ్‌ను గాని అనుమానించండి. హమ్ కూడా పెరిగి ఉంటే పవర్ సప్లై వైపు చూడాలి. రెండు ఛానెళ్లు ఉంటే రెండింటిలోనూ తగ్గిందా, ఒక్కదానిలోనేనా అన్నది మరీ ముఖ్యం. ఒక్కదానిలోనే తగ్గితే, రెండూ కలిసి వాడుకునే భాగాలన్నీ నిర్దోషులని అక్కడికక్కడే తేలిపోతుంది.

2. గిటారును, కేబుల్‌ను, ఇన్‌పుట్‌ను ముందు తేల్చుకోండి

పెడళ్లన్నీ తీసేసి, మంచి కేబుల్‌తో గిటారును నేరుగా ప్రీయాంప్‌కు కలపండి. గిటారులో యాక్టివ్ పికప్‌లు ఉంటే 9 వోల్టుల బ్యాటరీ మార్చి చూడండి. ఆ బ్యాటరీ నీరసించినా శబ్దం ఇలాగే తగ్గుతుంది. కుదిరితే గిటారునే మార్చి చూడండి.

హై, లో అని రెండు ఇన్‌పుట్ జాక్‌లు ఉన్న ప్రీయాంప్‌లలో లో ఇన్‌పుట్ సిగ్నల్‌ను సగానికి తగ్గించేలానే తయారుచేస్తారు. ప్లగ్ అందులో పెట్టి ప్రీయాంప్ పాడైందనుకోవడం కొత్తవారే కాదు, పాతవారూ చేసే పొరపాటే. ఇన్‌పుట్ జాక్‌లో మరో చిక్కు ఉంది. ప్లగ్ లేనప్పుడు ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు కలిపే ఒక స్విచ్ రేకు అందులో ఉంటుంది. ప్లగ్ పెట్టినా అది పూర్తిగా తెరుచుకోకపోతే సిగ్నల్ గ్రౌండ్‌లోకి జారిపోతుంది. ప్లగ్‌ను కొద్దిగా అటూ ఇటూ కదిపినప్పుడు శబ్దం మారితే లోపం అక్కడే.

3. ఎఫెక్ట్స్ లూప్‌ను ప్యాచ్ కేబుల్‌తో దాటించండి

ఈ ఒక్క పరీక్షకు అర నిమిషం పడుతుంది. నా లెక్కలో మిగతా అన్నింటికంటే విలువైనది ఇదే. లూప్ ఉన్న ప్రీయాంప్‌లలో సెండ్ నుంచి రిటర్న్‌కు సిగ్నల్ రిటర్న్ జాక్‌లోని ఒక చిన్న రేకు ద్వారా వెళ్తుంది. లూప్‌ను నెలల తరబడి వాడకపోతే ఆ రేకు మీద మకిలి పేరుకుని, సిగ్నల్ సన్నని సందులోంచి కారినట్టు వస్తుంది.

సెండ్ జాక్ నుంచి రిటర్న్ జాక్‌కు పొట్టి ప్యాచ్ కేబుల్ కలిపి వాయించండి. శబ్దం నిండుగా తిరిగివస్తే లోపం దొరికినట్టే. ప్రీయాంప్ ఆపి, ఒక ప్లగ్ కొనకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, రిటర్న్ జాక్‌లో ఇరవైసార్లు దూర్చి తీయండి. తరువాత కేబుల్ లేకుండా వాయించి చూడండి. కొన్నాళ్లకు మళ్లీ అదే జబ్బు తిరగబెడితే రేకు బిగువు తగ్గిందని అర్థం. అప్పుడు జాక్ మార్చాల్సిందే.

లూప్‌కు మిక్స్ నాబ్ ఉంటే దాన్ని ఒకసారి చూడండి. సమాంతర లూప్‌లో ఆ నాబ్ పూర్తిగా ఎఫెక్ట్ వైపు తిరిగి ఉండి, లూప్‌లో ఏమీ లేకపోతే శబ్దం పోయినట్టే అనిపిస్తుంది. లూప్ స్థాయిని మార్చే స్విచ్ ఉంటే దాన్ని పదిసార్లు అటూ ఇటూ కదపండి. ఫుట్‌స్విచ్ తీసేసి కూడా ఒకసారి వాయించండి.

4. తప్పు ప్రీయాంప్‌దా, దాని తరువాతిదా?

సెండ్ జాక్ నుంచి గాని, విడి ప్రీయాంప్ అయితే దాని అవుట్‌పుట్ నుంచి గాని సిగ్నల్ తీసి, బాగున్న మరో యాంప్ రిటర్న్ జాక్‌లోకి ఇవ్వండి. అక్కడ శబ్దం నిండుగా ఉంటే మీ ప్రీయాంప్ ఆరోగ్యంగానే ఉంది, లోపం తరువాతి పవర్ యాంప్‌లో ఉంది. అక్కడా నీరసంగానే ఉంటే దోషం ప్రీయాంప్‌దే. మరో యాంప్ అందుబాటులో లేకపోతే తిరగేసి చేయవచ్చు: ఫోను నుంచి సంగీతాన్ని మీ యాంప్ రిటర్న్ జాక్‌లోకి చాలా తక్కువ స్థాయిలో పంపి, మెల్లగా పెంచండి.

ఈ పరీక్షలో చేయకూడని పని ఒకటుంది. ట్యూబ్ పవర్ యాంప్‌ను స్పీకరు కలపకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి. ప్రీయాంప్ సంగతి తేల్చబోయి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చుకుంటారు.

5. ట్యూబులను ఒక్కొక్కటిగా, వరుసలో పరీక్షించండి

ఇప్పుడు ట్యూబుల వంతు. స్విచ్ ఆపి, చల్లారనిచ్చి, షీల్డ్ మూతలు ఉంటే తీయండి. ముందుగా గాజు లోపలి పైభాగం చూడండి. అక్కడి వెండి పూత అద్దంలా మెరుస్తూ గాని, కొంచెం నల్లగా గాని ఉంటే ఫరవాలేదు. అది పాలలా తెల్లబడి ఉంటే లోపలికి గాలి చేరింది, ఆ ట్యూబ్ పని అయిపోయింది.

ట్యూబ్‌ను తీసేముందు ఉన్నచోటనే మెల్లగా పైకీ కిందికీ కదిపి మళ్లీ అదిమి, ఆన్ చేసి వినండి. శబ్దం తిరిగివస్తే తప్పు ట్యూబ్‌ది కాదు, సాకెట్‌ది. ఈ తేడాను గమనించకుండా కొత్త ట్యూబ్ పెట్టేవారే ఎక్కువ. కొత్త ట్యూబ్ దూర్చినప్పుడు సాకెట్ దానంతటదే రాపిడికి శుభ్రపడి శబ్దం తిరిగిరావడంతో, పాత ట్యూబ్ పాడైందని నమ్మి దాన్ని పారేస్తారు. నెల తిరిగేసరికి కొత్త ట్యూబ్‌తోనూ అదే కథ మొదలవుతుంది. అందుకే కొత్త ట్యూబ్‌తో శబ్దం వస్తే, పాత ట్యూబ్‌ను మళ్లీ అదే సాకెట్‌లో పెట్టి, లోపం తిరిగివచ్చిందో లేదో చూసిన తరువాతే దాని మీద తీర్పు చెప్పండి.

మార్చేటప్పుడు ఒక్కో సాకెట్‌లో ఒక్కోసారి మంచి ట్యూబ్ పెట్టి, విని, పాతదాన్ని తిరిగి అక్కడే పెట్టి, తరువాతి సాకెట్‌కు వెళ్లండి. అన్నింటినీ ఒకేసారి మారిస్తే ఏది కారణమో తెలియదు. తొమ్మిది పిన్నుల మధ్య ఒకచోట వెడల్పాటి ఖాళీ ఉంటుంది, దాన్ని సాకెట్‌లోని ఖాళీకి సరిగ్గా కుదిర్చి నిటారుగా అదమండి. పక్కకు వంచితే గాజు పగులుతుంది.

12ఏఎక్స్7లో ఒకే గాజు లోపల రెండు ట్రయోడ్‌లు (విడివిడిగా సిగ్నల్‌ను పెంచే రెండు భాగాలు), రెండు హీటర్లు ఉంటాయి. కాబట్టి ఒక సగం చనిపోయి మరో సగం బతికి ఉండడం సాధ్యమే. ట్యూబ్ వెలుగుతోంది కదా అని అది బాగున్నట్టు కాదు. బయటికి తీసిన చల్లని ట్యూబ్‌లో పిన్ 4 నుంచి 9కి, పిన్ 5 నుంచి 9కి విడివిడిగా ఓమ్‌లు కొలవండి (పిన్నులు లెక్కపెట్టే తీరు 8వ మెట్టులో ఉంది). రెండు చోట్లా కొద్ది ఓమ్‌లే చూపాలి. ఏదో ఒకచోట మీటరు ఏమీ చూపకపోతే ఆ సగం హీటర్ తెగిపోయింది.

6. తెరవడం, కెపాసిటర్లను ఖాళీ చేయడం

ఇక్కడినుంచి పని పెట్టె లోపల. ప్లగ్‌ను గోడనుంచి పూర్తిగా పీకి, మూత తీసి, ఏదీ ముట్టుకోకుండా ముందు మీటరును డీసీ వోల్టులకు పెట్టండి. నల్ల తీగను ఛాసిస్‌కు (పెట్టె లోహపు చట్రానికి) క్లిప్ చేసి, ఎర్ర తీగతో ప్రతి ఫిల్టర్ కెపాసిటర్ ధన కొననూ కొలవండి. ఎక్కువ వోల్టేజి ఉంటే 10 కిలో ఓమ్ రెసిస్టర్ ఒక కొనను ఛాసిస్‌కు, బాగా ఇన్సులేషన్ ఉన్న ప్రోబ్ సాయంతో రెండో కొనను ఆ కెపాసిటర్‌కు ఆనించి పది సెకన్లు ఉంచి, మళ్లీ కొలవండి.

మొదటి ట్యూబ్ ప్లేట్‌కు (పెరిగిన సిగ్నల్ బయటికి వచ్చే కొనకు), ఛాసిస్‌కు మధ్య ఒక క్లిప్ తీగ వేస్తే కెపాసిటర్లన్నీ ఖాళీ అవుతాయని చాలామంది చెబుతారు. బాగున్న ప్రీయాంప్‌లో అది నిజమే. మీ ముందున్నది పాడైన ప్రీయాంప్. ప్లేట్ రెసిస్టరో, సప్లై వరుసలో వోల్టేజిని మెట్టుమెట్టుగా తగ్గించే డ్రాపింగ్ రెసిస్టరో తెగిపోవడమే మీరు వెతుకుతున్న లోపమైతే, ఆ క్లిప్ ఎంతసేపు ఉన్నా కెపాసిటర్లు నిండుగానే ఉంటాయి. కాబట్టి ప్రతి కెపాసిటర్‌నూ విడిగా కొలిచి, 10 వోల్టులకన్నా తగ్గిందని చూసుకున్నాకే చేయి పెట్టండి.

7. కంటితో, చెక్క పుల్లతో వెతకండి

మంచి వెలుతురులో ట్యూబ్ సాకెట్ పిన్నుల చుట్టూ సోల్డర్‌ను చూడండి. సాకెట్లను నేరుగా సర్క్యూట్ బోర్డు మీద బిగించిన ప్రీయాంప్‌లలో ప్రతిరోజూ వేడెక్కి చల్లారడం వల్లా, ట్యూబులు తీసి పెట్టినప్పటి ఒత్తిడి వల్లా పిన్ చుట్టూ వెంట్రుకంత సన్నని ఉంగరంలాంటి పగులు వస్తుంది. నేరుగా చూస్తే అది కనిపించదు. బోర్డును వెలుతురు కింద కొద్దిగా వాల్చినప్పుడు పిన్ చుట్టూ నల్లని గీతలా తేలుతుంది. ఫోను కెమెరాను జూమ్ చేసి చూడడం ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. జాక్‌లు, వాల్యూమ్ నాబ్‌ల కాళ్ల దగ్గర కూడా ఇలాంటివే వెతకండి.

తరువాత ప్రీయాంప్‌ను ఆన్ చేసి, వాల్యూమ్ కొంచెం పెంచి, ఒక చేయి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో చెక్క పుల్లతో భాగాలను, తీగలను మెల్లగా తట్టండి. పుల్ల పూర్తిగా ఎండినదై ఉండాలి. లోహపు స్క్రూడ్రైవర్ వద్దే వద్దు. ఒకచోట తట్టగానే శబ్దం పెరిగినా, గరగర వచ్చినా అక్కడి సోల్డర్‌ను, ప్రీయాంప్ ఆపి, కెపాసిటర్లు ఖాళీ చేసి, కొత్త సోల్డర్‌తో మళ్లీ పారించండి. ట్యూబును తట్టినప్పుడు కాస్త టంగుమనడం సహజమే, దాన్ని లోపంగా తీసుకోకండి.

8. హీటర్‌ను, డీసీ వోల్టేజీలను కొలవండి

సర్క్యూట్ పాఠంలోకి దిగకుండా ఒక్క మాట చెప్పుకుందాం. 12ఏఎక్స్7లో 1, 6 ప్లేట్లు. 2, 7 గ్రిడ్‌లు, అంటే సిగ్నల్ లోపలికి వెళ్లే చోట్లు. 3, 8 క్యాథోడ్‌లు, అంటే ఎలక్ట్రాన్లు వెలువడే చోట్లు. 4, 5, 9 హీటర్‌వి. సాకెట్‌ను కింది నుంచి చూసినప్పుడు ఖాళీ పక్క నుంచి గడియారం తిరిగే దిశలో 1 నుంచి లెక్కపెట్టాలి. పైనుంచి చూస్తే ఈ లెక్క తిరగబడుతుంది. తప్పు పిన్ కొలిచి కంగారుపడేవారిలో చాలామంది చేసే పొరపాటు ఇదే.

హీటర్‌ను ముందు కొలవండి. 4, 5 కలిపి ఉంటే వాటికీ 9కీ మధ్య సుమారు 6.3 వోల్టులు రావాలి. 9ని వదిలేసి ఉంటే 4కూ 5కూ మధ్య సుమారు 12.6 ఉండాలి. పదిశాతం అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు. హీటర్‌కు డీసీ ఇచ్చే ప్రీయాంప్‌లూ ఉన్నాయి కాబట్టి ఏసీలో ఏమీ రాకపోతే డీసీలోనూ చూడండి. హీటర్లను వరుసగా గొలుసులా కలిపిన ప్రీయాంప్‌లో ఒక్క ట్యూబ్ హీటర్ తెగితే మిగిలినవీ ఆరిపోతాయి.

ఇప్పుడు నల్ల తీగను ఛాసిస్‌కు క్లిప్ చేసే ఉంచి, ఒంటి చేత్తో ప్రతి ట్యూబ్‌కూ సప్లై వోల్టేజి, ప్లేట్, క్యాథోడ్, గ్రిడ్ కొలిచి రాసుకోండి. ప్లేట్‌ను ప్రోబ్‌తో తాకగానే స్పీకరులో టక్‌మని వినిపిస్తే అక్కడినుంచి స్పీకరుదాకా దారి బతికే ఉందని ఉచితంగా తెలిసిన సమాచారం. ఏ ప్లేట్ దగ్గర ఆ టక్ శబ్దం బాగా నీరసిస్తుందో గమనించండి.

ఒక మామూలు దశలో, అంటే సిగ్నల్‌ను ఒకసారి పెంచే ఒక ట్రయోడ్ చుట్టూ, 100 కిలో ఓమ్ ప్లేట్ రెసిస్టర్, 1.5 కిలో ఓమ్ క్యాథోడ్ రెసిస్టర్ ఉంటాయనుకుందాం. సప్లై 280, ప్లేట్ 180 ఉంటే ప్లేట్ రెసిస్టర్ మీద 100 వోల్టులు పడుతున్నాయి, అంటే 1 మిల్లీఆంపియర్ ప్రవహిస్తోంది. ఆ లెక్కన క్యాథోడ్ మీద 1.5 వోల్టులు ఉండాలి. మీటరు చూపేది ఈ లెక్కకు దగ్గరగా ఉంటే ఆ దశ డీసీ పరంగా ఆరోగ్యంగా ఉంది. సర్క్యూట్ బొమ్మ లేనివారికి ఈ చిన్న గుణకారమే బొమ్మ.

లెక్క తప్పినప్పుడు ఇలా చదవండి:

- ప్లేట్ వోల్టేజి సప్లైతో సమానంగా, క్యాథోడ్ సున్నాగా ఉంటే ట్యూబ్‌లో ప్రవాహమే లేదు. హీటర్‌ను, సాకెట్ పిన్నులను, ట్యూబ్‌ను చూడండి.
- ప్లేట్ దాదాపు సప్లై అంత ఉండి, క్యాథోడ్ మీద పదుల వోల్టులు కనిపిస్తే క్యాథోడ్ రెసిస్టర్ తెగిపోయింది.
- సప్లై బాగుండి ప్లేట్ సున్నాకు దగ్గరగా ఉంటే ప్లేట్ రెసిస్టర్ తెగిపోయింది, లేదా దాని చివర పగులుంది.
- సప్లైయే లేకపోతే, దాని ముందున్న డ్రాపింగ్ రెసిస్టర్ తెగి ఉండవచ్చు. అది ఎందుకు కాలిందో తేల్చుకోకుండా కొత్తది వేస్తే అదీ కాలుతుంది. దాని తరువాతి ఫిల్టర్ కెపాసిటర్ షార్ట్ అయిందేమో ముందు చూడండి.
- గ్రిడ్ మీద ఒక వోల్టుకు మించి ధన వోల్టేజి ఉంటే ముందు దశ కప్లింగ్ కెపాసిటర్ డీసీని వదులుతోంది, లేదా ట్యూబ్ పాడైంది. ఆపి, ట్యూబ్ తీసి, మళ్లీ ఆన్ చేసి కొలవండి. వోల్టేజి అలాగే ఉంటే దోషం కెపాసిటర్‌ది, పోతే ట్యూబ్‌ది.

ఈ చివరి దానికి ఒక మినహాయింపు తప్పక గుర్తుంచుకోవాలి. టోన్ కంట్రోళ్లకు ముందు క్యాథోడ్ ఫాలోయర్ (సిగ్నల్‌ను ప్లేట్ నుంచి కాక క్యాథోడ్ నుంచి తీసుకునే దశ) ఉన్న ప్రీయాంప్‌లలో ఆ దశ గ్రిడ్ నేరుగా ముందు ప్లేట్‌కు కలిసి ఉంటుంది, అక్కడ 150 నుంచి 200 వోల్టులు ఉండడమే సరైనది. దాన్ని లీకు అనుకుని భాగాలు ఊడదీయకండి. ట్యూబ్‌ను తక్కువ వోల్టేజితో నడిపే పెడళ్లకూ పై అంకెలు వర్తించవు.

9. డీసీ అంతా బాగుంటే సిగ్నల్ వెంట నడవండి

కప్లింగ్ కెపాసిటర్ తెగిపోయినా, క్యాథోడ్ రెసిస్టర్‌కు సమాంతరంగా ఉండే బైపాస్ కెపాసిటర్ ఎండిపోయినా, వాల్యూమ్ నాబ్ లోపలి రేకు వదులైనా డీసీ అంకెలు చక్కగానే ఉంటాయి. అప్పుడు సిగ్నల్‌నే వెంబడించాలి.

ఫోనులో 400 హెర్ట్‌జ్ సైన్ స్వరం పెట్టి, ఇన్‌పుట్ దగ్గర ఏసీలో సుమారు 20 మిల్లీవోల్టులు వచ్చేలా సర్దండి. ఇంతకన్నా ఎక్కువ పౌనఃపున్యం పెడితే మామూలు మీటర్లు తప్పు చూపుతాయి. ఎర్ర ప్రోబ్‌కు ముందు 0.1 మైక్రోఫారడ్ 630 వోల్టుల కెపాసిటర్ కలిపి, గ్రిడ్, ప్లేట్, కెపాసిటర్ అవతలి కొన, నాబ్, తరువాతి గ్రిడ్ అన్న వరుసలో కొలుస్తూ పోండి. బైపాస్ కెపాసిటర్ ఉన్న 12ఏఎక్స్7 దశ సుమారు 50 నుంచి 60 రెట్లు పెంచుతుంది. అంటే 20 మిల్లీవోల్టులు మొదటి ప్లేట్ దగ్గర 1 వోల్టుకు అటూ ఇటూ కావాలి. 30 రెట్లకు దగ్గరగా మాత్రమే పెరుగుతుంటే బైపాస్ కెపాసిటర్‌ను అనుమానించండి; మంచి 22 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను, ప్రీయాంప్ ఆపి, దానికి సమాంతరంగా క్లిప్ చేసి చూస్తే సందేహం తీరిపోతుంది.

కప్లింగ్ కెపాసిటర్‌కు అటూ ఇటూ సిగ్నల్ దాదాపు ఒకేలా ఉండాలి. ఇటు 1 వోల్టు ఉండి అటు 50 మిల్లీవోల్టులే ఉంటే కెపాసిటర్ తెగిపోయి ఉండవచ్చు, లేదా దాని తరువాతి తీగ గ్రౌండ్‌కు తగులుతూ ఉండవచ్చు. రెండో సంగతిని తేల్చడానికి ప్రీయాంప్ ఆపి, ఖాళీ చేసి, అక్కడినుంచి ఛాసిస్‌కు ఓమ్‌లు కొలవండి. షీల్డ్ తీగల చివర జాలిలోని ఒక్క పోగు లోపలి తీగకు తగిలితే చాలు, శబ్దం మాయమవుతుంది.

టోన్ కంట్రోళ్ల దగ్గర సిగ్నల్ పదో వంతుకు పడిపోవడం చూసి భయపడకండి. ఆ సర్క్యూట్ స్వభావమే అంత. అయితే బాస్, మిడ్ నాబ్‌లు తిప్పినా ఏమీ మారకుండా కీచుమనే ట్రెబుల్ మాత్రమే వస్తుంటే, అక్కడి స్లోప్ రెసిస్టర్ తెగిందేమో చూడండి. అది సాధారణంగా 33 కిలో ఓమ్‌లు గాని 100 కిలో ఓమ్‌లు గాని ఉంటుంది.

మీటరు కన్నా చెవిని నమ్మేవారికి మరో దారి ఉంది. అదే 0.1 కెపాసిటర్ తరువాత వరుసగా 1 మెగ్ ఓమ్ రెసిస్టర్, అక్కడినుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్ పెట్టి, ఆ రెండూ కలిసిన చోటు నుంచి ఒక చిన్న ప్రాక్టీస్ యాంప్‌లోకి తీగ ఇవ్వండి. సిగ్నల్ నూరో వంతుకు తగ్గి వస్తుంది కాబట్టి ఆ యాంప్‌కు ప్రమాదం లేదు. ఈ రెసిస్టర్లు లేకుండా ప్లేట్‌ను నేరుగా వినబోతే చిన్న యాంప్ ఇన్‌పుట్ కాలిపోతుంది.

ఛానెల్ మార్చడానికి రిలేలు గాని, వెలుతురుతో పనిచేసే రెసిస్టర్లు గాని ఉంటే వాటికి అటూ ఇటూ కూడా కొలవండి. ఒక్క ఛానెల్‌లోనే శబ్దం తగ్గినప్పుడు నేను ముందు చూసేవి ఇవే.

10. మార్చేటప్పుడు

అనుమానం పడిన రెసిస్టర్‌ను ఊడదీయకుండానే, ప్రీయాంప్ ఆపి, ఖాళీ చేసి కొలవవచ్చు. పక్కదారుల వల్ల అసలు విలువకన్నా తక్కువ చూపడం మామూలే. రాసిన విలువకన్నా బాగా ఎక్కువ చూపితే మాత్రం ఆ రెసిస్టర్ చెడిందని ఖాయం. పాత కార్బన్ రెసిస్టర్లు ఇలా విలువ పెరగడంలో పేరుమోసినవి.

కప్లింగ్ కెపాసిటర్‌కు బదులు అదే విలువది, 400 లేదా 630 వోల్టులది వేయండి. బైపాస్ కెపాసిటర్ ధన కొన క్యాథోడ్ వైపు ఉండాలి. ప్లేట్ రెసిస్టర్‌కు 1 వాట్‌ది వేస్తే నిశ్చింత. ఒకసారికి ఒక్క భాగమే మార్చి, వెంటనే పరీక్షించండి. పనిలో పనిగా అన్ని కెపాసిటర్లూ మార్చేద్దామన్న కోరిక పుడుతుంది. దాన్ని మరో రోజుకు వాయిదా వేయండి, లేకపోతే కొత్తగా మీరు చేసిన తప్పు పాత లోపంతో కలిసిపోయి రెండూ దొరకవు.

11. నిజంగా బాగుపడిందా?

రాసుకున్న వోల్టేజీలను మళ్లీ కొలిచి పాత అంకెల పక్కనే వేయండి. మార్చిన దశలో పైన చెప్పిన లెక్క ఇప్పుడు కుదరాలి. ఆ 20 మిల్లీవోల్టుల స్వరాన్నే ఇచ్చి, నాబ్‌లు అవే స్థానాల్లో ఉంచి, అవుట్‌పుట్ దగ్గర కొలవండి. చెవికి మాత్రమే వదిలేయకండి. రెండు గంటలు నీరసమైన శబ్దం విన్న చెవికి కొంచెం పెరిగినా బ్రహ్మాండంగా వినిపిస్తుంది.

మూత బిగించిన తరువాత గంటసేపు ఆన్‌లో ఉంచి వాయించండి. మధ్యలో ఒకసారి పెట్టెను అరచేత్తో తట్టి, జాక్‌లలోని ప్లగ్‌లను కదిపి, నాబ్‌లన్నీ ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పి వినండి. తిప్పుతున్నప్పుడు గరగరమంటే క్లీనర్ కొట్టేముందు ఆ నాబ్ మీద డీసీ ఉందేమో కొలవండి. ఉంటే అది మకిలి కాదు, లీకవుతున్న కెపాసిటర్. ఆ తరువాత ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, మర్నాడు మళ్లీ ఆన్ చేసి చూడండి. పగిలిన సోల్డర్ కొన్నిసార్లు వేడికి విచ్చుకున్నా, మరికొన్నిసార్లు వేడిలో మూసుకుపోయి చల్లదనంలో విచ్చుకుంటుంది కాబట్టి, మొదటి రోజు గెలిచిన రిపేరు రెండో రోజు ఉదయం మొదటి ఐదు నిమిషాల్లోనే ఓడిపోవచ్చు.